పన్నెండున్నర ఏ రోజుది

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. పదకొండు రోజులు. రోజుకు రెండు చొప్పున మా చెల్లెలి పొట్టలో గుచ్చిన ఇరవై రెండు సూదులు. ఐదు స్కానింగులు. చివరి స్కానింగులో కనిపించిన ఇరవై ఆరు నీటి తిత్తులు, ఒక్కోదానిలో ఒక అండం ఉంటుందన్న ఆశ. వాటిలోంచి బయటికి తీయగలిగిన తొమ్మిది అండాలు, తొమ్మిదీ పక్వానికి రానివే. ఆపైన మా చెల్లెలి ముప్ఫై తొమ్మిదో ఏడు. దాన్ని ఈ పట్టీలో వేయాలా వద్దా అని చాలాసార్లు ఆలోచించాను. వేశాను.

నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. నాన్న కాకినాడ నుంచి సికింద్రాబాదు వచ్చేటప్పుడు తెచ్చుకున్న పెట్టెలో పాత పంచాంగాలు ఉండేవి. వాటిని ముందేసుకుని తిథులూ నక్షత్రాలూ గుణించడం నాకు నేనే నేర్చుకున్నాను. మెట్టుగూడలో మా వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా ఆస్పత్రి వరండాలోంచే నాకు ఫోన్ చేసి సమయం చెబుతారు. తెల్లవారుజామున మూడింటికి పుడితే ఆ బిడ్డది నిన్నటి వారమే. మా లెక్కలో రోజు సూర్యుడితో మొదలవుతుంది, గడియారంతో కాదు. ముప్ఫై ఏళ్లుగా ఇలాగే రాస్తున్నాను. ఒక్కరూ వచ్చి తప్పని చెప్పలేదు.

చెల్లెలికి అప్పటికి పెళ్లై పదమూడేళ్లు, పిల్లల్లేరు. వాళ్లది నేరేడ్‌మెట్. మొదటిసారి చికిత్సలో, అండాలు పండడానికి చివర్లో ఇచ్చే మామూలు సూది దానికి పడలేదు. పొట్ట నిండా నీరు చేరి ఊపిరాడక నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. రెండోసారే ఆఖరని అప్పుడే అనుకున్నారు.

ఆ రెండోసారి కార్ఖానా అనే పేటలోని ఆస్పత్రిలో డాక్టరు కొత్త సంగతి చెప్పాడు. మెదడులోనే తయారయ్యే చిన్న హార్మోను ఒకటి ఉంది, పేరు కిస్‌పెప్టిన్. మామూలు సూది తిన్నగా అండాశయం మీద పనిచేస్తుంది, చాలా రోజులు ఒంట్లో ఉండిపోతుంది. ఇది అలా కాదు. మెదడుకు కబురు చేస్తుంది, మెదడు తన సొంత హార్మోనును వదులుతుంది, దానితో అండాలు పండుతాయి. నీరు చేరే ప్రమాదం తగ్గుతుందేమోనని పరిశోధనగా ఇచ్చి చూస్తున్నారు. ఒప్పుకుంటే సంతకం పెట్టాలి.

చెల్లెలి భర్త, మా మరిది, రైల్వే ఉద్యోగి. ఆయన వెంటనే, "అంటే సార్, డ్రైవర్‌కు మనం చెప్తలేం. కంట్రోల్ రూముకు ఫోన్ కొడ్తున్నం, ఆళ్లే సిగ్నల్ ఇస్తరు, గంతే కదా?" అన్నాడు. డాక్టరు నవ్వాడు. చెల్లెలు సంతకం పెట్టింది.

సూదులన్నీ నేనే వేశాను. నర్సు ఒక్కసారి చూపిస్తే పట్టుకున్నాను. ఏ మందు, ఎన్ని గీతలు, కుడివైపా ఎడమవైపా, అన్నీ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. పన్నెండో రోజు, మంగళవారం పొద్దున స్కానింగ్ అయ్యాక చెల్లెలి రక్తం తీసుకుని నా చేతికి కాగితం ఇచ్చారు. కొత్త సూదికి బుధవారం తేదీ, ఎదురుగా సున్నా సున్నా ముప్ఫై. అండాలు తీయడానికి గురువారం మధ్యాహ్నం పన్నెండున్నర. మధ్యలో ముప్ఫై ఆరు గంటలు.

"టైం తప్పొద్దక్కా. పది నిమిషాలు సుత అటిటు కావొద్దు" అంది నర్సు.

ఆటోలోనే నా పుస్తకంలో ఎక్కించుకున్నాను: బుధవారం రాత్రి పన్నెండున్నర.

"గా కాయితం ఇటియ్యి వదినా, ఫోన్‌ల అలారం పెడ్త" అన్నాడు మరిది.

"నా పుస్తకం ఉండగా నీ అలారం ఎందుకయ్యా?"

"గదీ నిజమే. మా వదిన ఉంటే గడియారం సుత లీవు పెట్టొచ్చు."

చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది. "నవ్వించకండి, నొప్పెడుతోంది" అంది. కాగితాన్ని మడిచి సంచిలో అడుగున పెట్టేశాను.

మంగళవారం రాత్రి ముగ్గురం నేరేడ్‌మెట్ ఇంట్లో హాయిగా పడుకున్నాం. ఈ పూట సూది లేదు, విశ్రాంతి అని నేనే చెప్పాను. బుధవారం రాత్రి పన్నెండు ముప్ఫైకి, నిమిషం తేడా లేకుండా, కొత్త సూది వేశాను.

గురువారం లోపలికి తీసుకెళ్లేముందు చెల్లెలి రక్తం మళ్లీ తీశారు. "సూది టైముకే ఏశిన్రా?" అని నర్సు అడిగింది. "సరిగ్గా పన్నెండున్నరకి" అన్నాను. ఏ రోజని ఆమె అడగలేదు. నాకు చెప్పాలని తోచలేదు.

గంట తర్వాత డాక్టరు బయటికి వచ్చాడు. మరిది ఇడ్లీల కోసం కిందికి వెళ్లాడు, చెల్లెలు మత్తులో ఉంది. నేనొక్కదాన్నే ఉన్నాను.

"తొమ్మిదే వచ్చాయమ్మా. ఒక్కటీ పండలేదు. సూది నిన్న రాత్రా, మొన్న రాత్రా?"

"నిన్న రాత్రే. బుధవారం."

సంచి అడుగు నుంచి కాగితం తీశాను. బుధవారం గడియారంతో మొదలయ్యేచోట, అంటే మంగళవారం రాత్రి పన్నెండు దాటగానే, ఆ సున్నాలున్నాయి. నేను వాటిని బుధవారం చివరికి తోసేశాను. పది నిమిషాలు తప్పొద్దన్నారు. ఇరవై నాలుగు గంటలు తప్పాను.

"ఆమెకు మీరు చెప్తారా, నేను చెప్పనా?" అన్నాడు.

"నేనే చెప్తాను."

మత్తు దిగాక చెల్లెలు అడిగిన మొదటి మాట "ఎన్నక్కా?" అని. తొమ్మిదన్నాను. పండలేదన్నాను. ఎందుకని అడిగింది. నోరు తెరిచాను. "కొత్త మందు కదా, పడలేదేమో" అన్నాను.

కాసేపటికి అది నా చెయ్యి పట్టుకుంది. "కబురు పంపినా నా మెదడు పలకలేదన్నమాట. నీ లెక్కంతా పాడుచేశానక్కా" అంది. ఆ మాటకైనా నేను చెప్పి ఉండాల్సింది. తలుపు దగ్గర ఇడ్లీ పొట్లాం పట్టుకుని నిలబడ్డ మరిది ఏడుస్తున్నాడు. చెప్పలేదు.

ఆ తర్వాత వాళ్లు ఏ ఆస్పత్రికీ వెళ్లలేదు. ఇంకొక్కసారి చూద్దామని మరిది అంటే, "పలకని దానికి ఎన్నిసార్లు కబురు పెడతారు?" అందట.

నెల తర్వాత రిపోర్టు తెచ్చుకోమని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. అన్ని కాగితాల మీదా నా నంబరే ఉంది. వెళ్లి తెచ్చాను. మెదడు వదిలే ఆ హార్మోను సూదికి ముందు నాలుగు, సూది పడ్డ పన్నెండు గంటలకు నలభై ఒకటి. డాక్టరు వేలితో చూపించి, "చక్కగా పలికిందమ్మా. టైమే చాల్లేదు" అన్నాడు.

నాలుగేళ్లయింది. చెల్లెలికిప్పుడు నలభై మూడు. మొదట్లో నెలకోసారి అడిగేది, ఇప్పుడు ఏడాదికోసారి, ఏదో గుర్తొచ్చినట్టు: "అక్కా, ఆ రక్తం రిపోర్టు ఎప్పుడైనా ఇచ్చారా?" ఇవ్వలేదంటాను. కాగితం నాన్న పంచాంగాల మధ్యలోనే ఉంది. వీధిలో వాళ్లకు వారాలు గుణించడం మానేశాను, కళ్లు సరిగా ఆనడం లేదని చెబుతున్నాను.

చెల్లెలికి నేను చెప్పాల్సిన అంకె ఒక్కటే. నలభై ఒకటి.