పిన్ని కడుపులోని కావలి కుక్క

పిన్ని పోయిందని సేత్తూరు నుంచి ఆమె కోడలు ఫోన్ చేసినప్పుడు నేను మజ్జిగన్నం పిసుక్కుంటున్నాను. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందట. నమ్మలేదు. మా ఇద్దరిలో ముందు పోయేది నేనేనని ఎప్పుడో అనుకుని ఉన్నాను.

మాది ఒకటే జబ్బు, పేగుల్లో ఆరని వాపు. క్రిములతో పోరాడాల్సిన రక్తకణాలే పేగును శత్రువనుకుని ఏళ్ల తరబడి దాని మీద పడుతున్నాయని మదురై డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. నా తలకెక్కలేదు. బస్టాండులో పిన్ని విడమరిచింది.

"మన ఊరి తెల్ల కుక్క ఉండాది గదా, దొంగను పట్టేదానికి పెంచితే ఇంటోళ్లనే కరిచినట్ల. అంతే దా."

కావలి కుక్కలకు పేరుపడ్డ రాజపాళయంలో పుట్టినదాన్ని, ఇక వేరే పాఠం అక్కర్లేదు.

ఆ కణాలను అణిచే సూది ఇద్దరికీ వేశారు. పిన్నికి కుదిరింది, నాకు కుదరలేదు. కుళ్లుకున్నాను, దాచేదేముంది. పెళ్లి పంక్తిలో నా పక్కనే కూర్చుని, నేను ముట్టకూడని మామిడి ఊరగాయ, తను పెట్టి తెచ్చుకున్నది, వేలితో నాకుతూ తినేది.

"ఏమే, నీ కుక్క ఇంకా మొరగతా ఉండాదా? నాది పండుకొనింది."

నేనూ నవ్వేదాన్ని. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు ఈమెకు మళ్లీ నొప్పి రాకూడదా అని లోపల అనుకునేదాన్ని. నా కోసం డ్రైవరుతో పోట్లాడి దారిలో బస్సు ఆపించిందీ, చెంబుతో నీళ్లు పట్టుకుని గట్టు మీద కాపలా నిలబడిందీ ఆమే. అయినా అనుకునేదాన్ని.

ఈ సూది వేయించుకునేవాళ్లకు జ్వరం తగిలితే ఆ రోజే రావాలని డాక్టరు ఇద్దరికీ గట్టిగా చెప్పాడు. కుక్కను పడుకోబెట్టాక దొంగను పట్టేదెవరు? కిందటి నెల పిన్ని మదురై బస్సుకు రాలేదు. బాగైనవాళ్లకు డాక్టరెందుకులే అని మూతి ముడుచుకుని ఒక్కదాన్నే ఎక్కాను. ఫోన్ చేయలేదు. అప్పటికి నాలుగు రోజులుగా ఆమె జ్వరానికి మిరియాల కషాయం తాగుతూ పడుకుని ఉందట. ఒక్క ఫోన్ చేసి ఉంటే పట్టుకుని లాక్కుపోయేదాన్ని.

పదహారో రోజు కర్మ నాడు కోడలు ఒక ఊరగాయ జాడీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అత్త ప్రతి ఏడూ మీకని ఎత్తిపెట్టేది అక్కా. మీ కుక్క పండుకొన్న దినం ఇయ్యమని చెప్పినాది."

నాకు మందు మార్చారు. ఈ వారం నొప్పి లేదు. జాడీ కిటికీలో ఉంది. మూతకు గుడ్డ చుట్టి పిన్ని వేసిన ముడి అలాగే ఉంది. విప్పితే మళ్లీ వేసేవాళ్లు లేరు.