నేనెరుగని నా చుట్టాలు

ఖమ్మంలో నేను దాదాపు తొమ్మిదేళ్ళు పనిచేసిన దవాఖానా మూతపడింది. నాకు తెలిసిన విద్య ఒక్కటే, నరం దొరకబుచ్చుకొని రక్తం తీయడం, దాన్ని పరీక్షించి రిపోర్టు ఇవ్వడం. ఇల్లందులో ఇంట్లో ఉండేది నేనూ, రెండో తరగతి చదివే నా బిడ్డా, అంతే. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్ వాళ్ళు ఒకటో తారీఖుకల్లా వచ్చి చేరమన్నారు, అదీ రాత్రి డ్యూటీకి. వెళితే బిడ్డను తండాలో మా అమ్మ దగ్గర వదలాలి. వదిలి ఉండడం నా వల్ల కాదని నాకు తెలుసు. ఈ చుట్టుపక్కలే పని వెతుక్కోవడానికి చేతిలో ఒక్క నెల ఉంది.

కాలేజీలో నాతో చదివినామె ఒక ఉద్యోగాల సైట్‌లో నాకు ప్రొఫైల్ పెట్టించింది. తెల్లకోటు ఫొటో, చదువు, అనుభవం, అన్నీ ఇంగ్లీషులోనే. అందులో నాకు నేనే గొప్పగా కనిపించాను. కంటికి కనబడ్డవాళ్ళందరికీ రిక్వెస్టులు పంపాను. పుణెలో ఎవరో, కొచ్చిలో ఎవరో ఒప్పుకున్నారు కూడా. పది రోజుల తర్వాత ఒక పొద్దున ఫోన్ ఆగకుండా మోగింది. చూస్తే అన్నీ అభినందనలే. నేను దవాఖానాలో చేరి తొమ్మిదేళ్ళు నిండాయని ఆ సైట్ తనంతట తానే అందరికీ చాటింపు వేసింది. ఉద్యోగం పోయిందని అందులో మార్చడం మర్చిపోయింది నేనే. తాళం పడ్డ దవాఖానాలో నా సేవలకు చప్పట్ల బొమ్మలు! ఒళ్ళు మండి, ఫోన్‌ను బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టాను.

ఇక ఫైలు పట్టుకొని, ఇన్నేళ్ళూ డ్యూటీకి వెళ్ళిన బస్సే ఎక్కి, ఖమ్మంలో ల్యాబుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఆ బస్సులో ఒక కండక్టరమ్మాయి ఉండేది. ఇన్నేళ్ళలో టికెట్ గురించి తప్ప మేము మాట్లాడుకున్నది లేదు. ఒకరోజు ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ చేతిలో పెడుతూ ఆగింది.

"తెల్లకోటు పోయి ఫైలొచ్చింది, ఏందక్కా సంగతి?"

"మా దవాఖానా మూసేసిండ్రు. పని ఎతుకుతున్న."

"నువ్వొక్కదానివే ఎతికితే ఎట్ల దొరుకుతది? నలుగురి చెవిల పడాలె. నీ బయోడేటా నా ఫోన్‌కు కొట్టు, జల్దీ. స్టేజీ వస్తున్నది."

ఈమె ఫోన్‌లో పడితే ఏమవుతుందిలే అనుకున్నాను. వదిలించుకోవడానికే పంపాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకటో తారీఖుకు ఇంకా వారం ఉందనగా, మా బిడ్డ స్కూలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో, హోంవర్కు ఫొటోల మధ్య నా తెల్లకోటు ఫొటో కనిపించింది. కింద బయోడేటా. పైన రెండు ముక్కలు: "ఈమె మా చర్చి సిస్టర్. ల్యాబ్ పని బాగా వచ్చు. ఎవరికైనా తెలిస్తే సాయం చేయండి." నేను పుట్టి బుద్ధెరిగాక ఏ చర్చి గడపా తొక్కలేదు. పెట్టింది మా బిడ్డ క్లాసులోనే చదివే పిల్లవాడి తల్లి, కుట్టుపని చేస్తుంది. ఫోన్ చేశాను.

"అక్కా, ఆ ఫొటోల ఉన్నది నేనే."

"అయ్యో, నువ్వా! గుర్తువట్టలె. భద్రాచలంల మా చిన్నమ్మ నర్సు, ఆమె పంపింది. వాళ్ళ చర్చిల నీ కోసం ప్రార్థన గూడ చేసిండ్రట."

ఆ మధ్యాహ్నమంతా ఫోన్లు చేస్తూ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాను. నర్సుకు పంపింది బొగ్గు లారీ డ్రైవర్, తల్లిని భద్రాచలం దవాఖానాలో చూపించడానికి వచ్చినప్పుడు. "మా చిన్నాయన బిడ్డ" అని చెప్పాడట. అతనికి పంపింది డిపోలో పనిచేసే అతని బావమరిది. ఆ బావమరిదికి పంపింది మా కండక్టరమ్మాయి. ఆమె రాసింది ఇంతే: "మా ఆడబిడ్డ. మంచిది. సూడున్రి."

మా వైపు "తెలిసినామె" అంటే ఎవరూ కుర్చీలోంచి లేవరు. "మావాళ్ళు" అంటే లేస్తారు. అందుకని దారి పొడుగునా ఒక్కొక్కరూ నన్ను తమ ఇంటి మనిషిని చేసుకున్నారు. నేను ఎన్నడూ అడుగుపెట్టని గుడిలో, నేను ఎన్నడూ మొక్కని దేవుడి ముందు, ఎవరో నా పేరు పలికి కళ్ళు మూసుకున్నారు. అంతమందికి నేను ఏం చేశానని?

నర్సు ఫోన్‌లోనే ఇంకో మాట చెప్పింది. వాళ్ళ డాక్టరమ్మ ఇల్లందులో కొత్తగా క్లినిక్ తెరుస్తోందట, ల్యాబ్‌కు మనిషి కావాలట. అది మా ఇంటికి రెండు సందుల అవతల. సగం రంగేసిన ఆ షట్టర్ ముందు నుంచే నేను రోజూ బస్టాండ్‌కు నడిచేదాన్ని.

మర్నాడే వెళ్ళాను. మిషన్లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. డాక్టర్ మేడం తన ఫోన్ నా ముందు పెట్టింది.

"నీ బయోడేటా నాకు మూడు దిక్కుల నుంచి వచ్చింది. ఒకరు ఆడబిడ్డ అంటరు, ఒకరు చిన్నాయన బిడ్డ అంటరు. నర్సేమో చర్చి సిస్టర్ అంటది. ఇంతకీ నువ్వు ఎవరికి ఏమైతవ్?"

చర్చి సిస్టర్‌నే అంటే సరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది, నా బిడ్డ స్కూలు బ్యాగు కళ్ళముందు మెదిలింది. కానీ వాళ్ళు నాకోసం ఆడిన అబద్ధాన్ని నేను నాకోసం వాడుకోలేకపోయాను.

"ఎవరికీ ఏం కాను మేడం. మాది తండా. వీళ్ళల్ల ఇద్దర్ని నేను ముఖం గూడ చూడలె."

"అంటే అందరు అబద్ధం చెప్పిండ్రు."

"అవ్ మేడం."

"మరి నిన్నెట్ల నమ్మాలె?"

అడుగుతూనే మేడం జాకెట్టు చేయి పైకి జరిపి, చెయ్యి టేబుల్ మీద చాపింది.

"నాది అంత తొందరగ దొరికే నరం కాదు. తియ్యి చూద్దాం."

రబ్బరు పట్టీ కట్టాను. నిజంగానే కంటికి ఏమీ ఆనలేదు. కళ్ళు వదిలేసి వేలితో వెతికాను. లోతుగా, పక్కకు జరిగి ఉంది. ఒక్క పోటుకే ట్యూబులోకి రక్తం వచ్చింది. మేడం ట్యూబును చూసింది, నన్ను చూసింది.

"సోమవారం రా. గీ పెట్టెలన్నీ నువ్వే సర్దుకోవాలె."

కళ్ళు తుడుచుకోవడానికి కూడా తీరిక ఇవ్వకుండా ఒక ఫారం ఇచ్చి నింపమంది. చివరి వరుసలో ఒక గడిలో మనల్ని ఎరిగినవాళ్ళ పేరు రాయాలి. కండక్టరమ్మాయి పేరు రాశాను. పక్కనే ఇంకో గడి ఉంది, ఆమె నాకేమవుతుందో రాయమని. ఎవరికీ ఏమీ కానని ఇప్పుడే ఇదే టేబుల్ దగ్గర చెప్పిన మనిషిని. పెన్ను ఆగింది.

వదిన, అని రాశాను.

మేడం ఫారం తీసుకొని చివరిదాకా చదివింది. ఆ గడి దగ్గర ఒక్క క్షణం ఆగి, కొట్టేయకుండానే కింద సంతకం పెట్టింది.