పుట్ట లేని మొక్కు

ఆ రోజుల్లో నాకు పట్టిన జబ్బు ఒంటరితనమని తెలియక, లావు అనుకుని దానికి మందు వెతుక్కున్నాను. ఎనభయ్యో దశకం తొలినాళ్లు. మదనపల్లెలో ఇంటినిండా మనుషుల మధ్య పెరిగిన నన్ను టైపిస్టు ఉద్యోగం కుప్పంలో ఒక పెరటి గదిలోకి తెచ్చి పడేసింది. సాయంత్రమైతే పలకరించే దిక్కు లేదు. ఒక్కదాని కోసం స్టవ్ వెలిగించాలంటే ఏడుపొచ్చేది (బద్ధకం కూడా కొంత ఉందనుకోండి). పుంగనూరులో ప్రకృతి వైద్యం చేసే మా పెదమామ దగ్గరికి వెళితే ఎగాదిగా చూసి, "ఒళ్లంతా విషమే ఉండాదమ్మా. పొయ్యి ముట్టించొద్దు, పాలూ పెరుగూ తాకొద్దు. అన్నీ పచ్చివే తిను," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అయితే తీపి లేకుండా నేను బతకలేను. అందుకని ఆఫీసు నుంచి రాగానే పెరట్లో రోలు ముందు కూర్చుని, నానబెట్టిన బియ్యం దంచి బెల్లం కలిపి చలిమిడి చేసేదాన్ని. వేయించని నువ్వులు దంచి చిమ్మిలి ఉండలు చుట్టేదాన్ని. బెల్లం చిటికెడు మించకూడదని మామ ఆజ్ఞ. కనుక రెండింటికీ రుచి అనేది లేదు. ఇంటి ఓనరమ్మ ఎప్పుడూ గడప మీదే కూర్చునేది కాబట్టి నా లెక్కలో ఆమె గడపక్క. ఒకరోజు రోలు దగ్గరికొచ్చి, "పాలోడిని రావద్దంటివంట, యాలమ్మా?" అంది. "పాలు మానేసినానక్కా," అన్నాను. ఆమె పళ్లెంలోకి తేరిపార చూసి చేయి చాచింది. నేను పెట్టిన ఉండను కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. కుప్పం మర్యాద కాబోలనుకున్నాను.

మరునాడు పక్కింటి కొత్త కోడలిని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఇక రోజూ ఇద్దరూ రావడం, కళ్లకద్దుకుని తినడం, దీపాలు పెట్టే దాకా కబుర్లు. నాకు పగలంతా టైపు మిషను ముందు ఆ సాయంత్రం గురించే ధ్యాస. అంత సంతోషంగా ఉన్నాను మరి.

ఒకనాడు గడపక్క, "కార్తీకం లోగా నీకు సంబంధం కుదురుతాది సూడు. నాగేంద్రుడు మొక్కు ఊరికే పోనీడు," అంది. అప్పుడు వెలిగింది నా బుర్ర. పొయ్యెక్కని చలిమిడి, చిమ్మిలి అంటే నాగులచవితికి పుట్ట దగ్గర పెట్టే నైవేద్యమే కదా! పాలు కూడా ఆ స్వామికే వదిలేశానని వాళ్ల నమ్మకం. నిజం చెబితే ఇద్దరూ మళ్లీ రారు. అదే నా భయం. నోరు విప్పేలోగా కోడలు నా చేయి పట్టుకుని, "నాకూ ఒక బిడ్డ కావాలని స్వామితో ఒక మాట సెప్పక్కా," అంది.

ఇక ఊరుకోలేకపోయాను. "మొక్కు కాదమ్మా. ఒళ్లు తగ్గాలని తింటాండాను," అన్నాను. ఆ పిల్ల చేయి వెనక్కి తీసుకుని లేచి వెళ్లిపోయింది. గడపక్క మాత్రం, "ఆ ముక్క ముందే సెప్పుంటే బెల్లం ఇంకొంచెం ఎయ్యమందును గదమ్మా. స్వామిదని నోరు మూసుకుని మింగుతాండా," అని తనూ లేచింది.

మరునాడు సాయంత్రం ఎవరూ రాలేదు. రోట్లో నువ్వులు పోసి కూర్చున్నాను గానీ దంచబుద్ధి కాలేదు. ఎవరికోసమని దంచను? కళ్లు తుడుచుకుంటుంటే గడపక్క వచ్చింది. చేతిలో పళ్లెం, అందులో పొగలు కక్కే రాగి సంగటి, పక్కన చెనిక్కాయల చట్నీ.

"మొక్కేమీ లేదంటివి గదా. ఇంక ఏడి కూడు తినొచ్చు," అని పళ్లెం నా ముందు పెట్టి, రోలు పక్కనే చతికిలబడింది. "మెల్లిగా తిను. నేనీడనే ఉంటాలే."

నా ప్రకృతి వైద్యం ఆ ముద్దతో సరి. ఒళ్లు ఇప్పటికీ తగ్గలేదు. ఒంటరితనాన్ని లావనుకున్న ఆనాటి పిచ్చిపిల్ల మాత్రం గుర్తొస్తూ ఉంటుంది. నవ్వుకుంటాను, ఇంకో ముద్ద వడ్డించుకుంటాను.