సింకుల పారబోయించిన పొడి

మాది చర్ల దగ్గర అడవి పల్లె. రెండువేల దశకం చివర్ల ఖమ్మంల ఒక ప్రైవేటు కాలేజీల పరిశోధన చేస్తుండేదాన్ని. నా పని పల్లాడియం పొడితోని. శాన ఖరీదైన ఆ లోహపు రేణువులు రసాయన చర్యను జల్దీ నడిపిస్తయి. కంటికి ఆననంత సన్నం, ఫిల్టర్ కాగితంలకెల్లి కూడ జారిపోతయి. పనైనంక తయారైన సరుకుతోపాటే కొట్టుకపోతయి. వాటిని వేరుచేసి మళ్లీ వాడుకునుడెట్లా అన్నదే నా పరిశోధన.

దారి దొరకడానికి ఏడాది పైనే పట్టింది. ఆ లోహాన్ని మెత్తటి సిలికా పొడి మీద అంటించి, నీళ్లల్ల నూనెలాంటి ద్రావకం పోసి గట్టిగ ఊపితే, పొడి పోయి ఒక్కో నూనె చుక్క చుట్టూ పొరలాగ అతుక్కునేది. సీసా నిండ బూడిదరంగు పాలు. చర్యంత ఆ చుక్కల అంచుల మీదనే జరిగేది. అయిపోయినంక కొంచెం యాసిడ్ వేస్తే పాలు విరిగి నూనె పైకి తేలేది, పొడి కింద నీళ్లల్ల మిగిలేది. నూనె తీసుకొని, కొంచెం క్షారం వేసి, కొత్త నూనె పోసి ఊపితే మళ్లీ పాలు. అదే పొడి మళ్లీ పనికొచ్చేది. మొదటిసారి గట్లైన రోజు ల్యాబుల ఒక్కదాన్నే నవ్వుకున్న.

మా చెల్లె కాన్పుకని భద్రాచలం దవాఖానకు పోయి వచ్చేసరికి నా సీసా కడిగి బోర్లించి ఉంది.

"సార్ పారబొయ్యమన్నడు బిడ్డా. గలీజుగ కనిపిస్తుందన్నడు," అన్నది ల్యాబు ఊడ్చే ఆయమ్మ. ఆమె మీద నాకు కోపం రాలే.

సార్ అంటే నా గైడు. ఆ పాలు ఏందో బాగ తెలిసిన మనిషి. ఢిల్లీల సభకు పోయి దాని గురించే మాట్లాడి వచ్చిండు. నేను పోయి అడిగితే తల ఎత్తలే. ఇయ్యాల తనిఖీ కమిటీ వస్తుంది, బెంచీలు మెరవాలె, పొడి ఇంకోసారి చేసుకుంటే ఏమైతది అన్నడు. మీ అడవి దిక్కు చెత్త కూడ దాచుకుంటరా అని నవ్విండు.

"పారబొయ్యకుండ ఉండుడే కద సార్ నా పని," అన్న.

సాయంత్రం మాట్లాడుదాం పొమ్మన్నడు. నేను సాయంత్రం దాక ఆగలే. సింకు కింద వంపు పైపుల ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలుస్తయి. చున్నీ నడుముకు చుట్టి, బకెట్ పెట్టి, పానాతో ఆ పైపు విప్పుతుంటే కమిటీ లోపలికి వచ్చింది. వాళ్లల్ల ఒక పెద్దాయన వంగి, ఏం చేస్తున్నవమ్మా అని అడిగిండు. పైపు రిపేరని సార్ అందుకున్నడు.

"రిపేరు కాదండి. నా పరిశోధనంత సార్ ఈ సింకుల పోయించిండు. ఏమన్న మిగిలిందా అని చూస్తున్న."

పెద్దాయన బకెట్ల చూసిండు, సార్ మొహం చూసిండు, తన వాచీ చూసుకున్నడు. అందరు భోజనాలకు పోయిన్రు.

బకెట్ అడుగున నల్లటి మడ్డి దొరికింది. కడిగి, నూనె పోసి, చెయ్యి గుంజేదాక ఊపిన. నూనె నూనె లెక్కనే, నీళ్లు నీళ్ల లెక్కనే నిలబడ్డయి, పాలు కాలే.

మళ్లీ మొదటినుంచి చేసిన. సార్ నాతోని మాట బంద్ పెట్టిండు, ఒక్కో సంతకానికి తన చుట్టు తిప్పుకున్నడు. కొత్త పొడి మంచిగనే పనిచేసింది, డిగ్రీ వచ్చింది. అచ్చయిన వ్యాసంల మొదటి పేరు ఆయనదే. గురువు కద, మర్చిపో అని శానమంది చెప్పిన్రు. కొన్నేండ్లకు ఒక సభల కనిపించి, ఈమె నా స్టూడెంటే అని పక్కనోళ్లకు గొప్పగ చెప్పుకున్నడు. నాతోని చదివినోళ్లంత ఆయన కాళ్లు మొక్కిన్రు.

నేను మొక్కలే. నమస్తే కూడ పెట్టలే.