ఆశ్రమం పిల్లల పెద్దక్క

ఒకే అనాథాశ్రమంలో పెరిగి తలో దిక్కు అయిన పాతికమందికీ ఆమె పెద్దక్క. యాభై దాటిన మనిషి. బట్టల కొట్టు వెనక గదిలో మిషను కుడుతూ, మెడలో టేపుతో, పెదాల మధ్య గుండుసూదులతోనే ఫోనులో అందరినీ దబాయిస్తుంది: "ఆదివారం రాకపోయారో, చెవులు మెలేస్తా!" ఏటా ఒకరోజు వాళ్లంతా ఒక అద్దె హాల్లో కలుస్తారు. ఎవరు చిక్కిపోయారో ఆమె చూపుతోనే కొలిచేస్తుంది.

ఈసారి వాళ్లలో ఒకడు, ఇళ్లకి రంగులేసే పెయింటరు, రాలేదు. అతని ఫోనుకి చేస్తే పని చేయించే మేస్త్రీ ఎత్తాడు. నిచ్చెన మీంచి పడి చనిపోయాడనీ, మూడు రోజులుగా ఆసుపత్రి మార్చురీలో ఉన్నాడనీ చెప్పాడు. విస్తళ్ల ముందు నుంచి లేచి అందరూ పరుగెత్తారు. అప్పటికే గుమస్తా కాగితం మీద 'అనాథ శవం' అని రాసేశాడు.

"ఆ మాట కొట్టెయ్యండి బాబూ, నేను వాడి అక్కని."

"ఇంటిపేర్లు కలవట్లేదేమ్మా? రక్తసంబంధానికి రుజువుండాలి."

"ఎక్కణ్ణించి తేను? జ్వరమొస్తే నా ఒళ్లోనే పడుకునేవాడు. బతికినన్నాళ్లూ ఆ మాటే మోశాడు, చచ్చాక కూడానా?"

కిటికీ ఊచలు పట్టుకుని ఆమె భోరుమంది. గుమస్తా తల దించుకున్నాడు గానీ, మాట మాత్రం కొట్టెయ్యలేదు.

శవాన్ని ఎక్కించాక అనాథ శవాల్ని శ్మశానానికి చేర్చే మునిసిపాలిటీ బండి డ్రైవరు, "ఒక్కరికే చోటుంది. ఈయన తాలూకు మనిషి ఎవరండీ?" అని అడిగాడు.

హాలు నుంచి వచ్చినవాళ్లంతా ఒక్కసారే ముందుకు అడుగేశారు.