గుటక విన్న సలోమి సిస్టరు

"ఏమ్మే, నీళ్లు మింగిన సప్పుడు రాలేదే. మళ్లా పంపు."

"ఒక్కనాడన్న నమ్మరాదు సిస్టరమ్మా. మింగిన."

"నిన్ను నమ్ముతా. నీ నోటినే నమ్మను."

సలోమి సిస్టరుకూ నాకూ మధ్య ఫోనులో నడిచిన ఆఖరి మాటలివి. మర్నాడు పొద్దున చాయ్ తాగి, మాత్ర వేసుకుని, గుటక చప్పుడు ఫోనులో పంపాను. జవాబు రాలేదు. మధ్యాహ్నం ఆమెతో పనిచేసే మలయాళీ సిస్టరు ఫోన్ చేసి, జెద్దాలో తన గదిలోనే ప్రాణం పోయిందని చెప్పింది. చావవలసినదాన్ని నేను. ఆమె ఎందుకు పోయిందో నా బుద్ధికి అందలేదు.

జెద్దాలో నేను బడి ఊడ్చే పనిలో ఉండేదాన్ని. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడే మా ఆయన జ్వరాలతో పోయాడు. ఏ రోగమో చెప్పినవారు లేరు. తిరిగి వెళ్లాక, అక్కడ ఉండడానికిచ్చే అకామా కోసం రక్తం తీశారు. హెచ్ఐవీ అని తేలింది. పరాయి దేశపువాళ్లకు ఆ జబ్బు ఉంటే ఉండనివ్వరు. దేశం దాటించే ఎగ్జిట్ కాగితం వచ్చేదాకా తాళం వేసిన ఆసుపత్రి వార్డులో పెట్టారు.

వార్డులో ఇథియోపియా ఆడవాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, నేను. మాత్ర మింగితే నయమైందని రాసి తొందరగా పంపేస్తారని మాలో ఎవరో పుకారు పుట్టించారు. ఇంటికి పోతే తిండి ఎక్కడిది? మాత్రను నాలుక కింద దాచి దిండు గలీబులో ఉమ్మేవాళ్లం. ఆ వార్డు నర్సు సలోమి సిస్టరు దుప్పట్లు మార్చేటప్పుడు చూసింది. పైవాళ్లకు చెప్పలేదు. నా మంచం మీద కూర్చుంది. నంద్యాల మనిషి.

"మింగినా మింగకున్నా ఎగ్జిట్ వస్తాది మ్మే. ఇంటికి నడిచి పోతావా, పెట్టెలో పోతావా?"

ఆ రోజు నుంచి ఒక్కొక్కరి గొంతు దగ్గర చెవి పెట్టి గుటక వినేది. ఒక ఇథియోపియా పిల్ల ఆ చెవి కొరికినంత పని చేసి నవ్వింది. ఆ వార్డులో నేను విన్న నవ్వు అదొక్కటే.

ఊరికి పంపించాక కూడా వదలలేదు. మందులిచ్చే పెద్దాసుపత్రికి నాతో ఫోనులోనే వచ్చింది. వరుసలో ఎవరైనా చూస్తారని వెనక్కి తిరగబోతే, "కొంగు కప్పుకొని నిలబడు. సిగ్గుకు మందు లేదు, దీనికుంది" అన్నది. ఆ వార్డు నుంచి ఇళ్లకు చేరినవాళ్లమంతా రోజూ ఆమెకు గుటక పంపాలి. పంపకపోతే తిట్లు.

కొలువులు సౌదీవాళ్లకే ఇవ్వాలనే నితాఖత్ చట్టం వచ్చి, ఫోన్ల దుకాణంలో ఆమె భర్త పని పోయింది. పిల్లల తలకింత అని పన్ను వేసేసరికి, భర్తనూ పిల్లలనూ నంద్యాల పంపి ఒక్కతే మిగిలింది.

"ఒక్కదానివి ఎట్లుంటున్నవు సిస్టరమ్మా?" అంటే, "మీ గుటకలున్నాయి గదా" అనేది.

తన బీపీ మాత్రలు చాలాకాలంగా వేసుకోవడం లేదట. మలయాళీ సిస్టరు ఏడుస్తూ చెప్పింది. ఇంతమందిమి ఉండి, ఆమె గుటక అడిగినవాళ్లం లేం.

నన్ను నడిచి పొమ్మన్న మనిషి ఇప్పుడు కాగితాల కోసం అక్కడే ఆగి ఉంది, పెట్టెలో రావడానికి.

నిన్న నేను మాత్ర వేసుకోలేదు. వేసుకుని ఎవరికి పంపాలి? అటువంటి చెవి నాకు మళ్లీ దొరకదు.

రాసింది చాలు రజితా. నా చెల్లెలి బిడ్డవు, నీకు చెప్పుకోవడానికి సిగ్గేంది. ఆ మాత్ర, ఆ నీళ్ల చెంబు ఇటియ్యి. దగ్గరికొచ్చి నా గొంతు కాడ చెవి పెట్టు.

ఇన్నవా?

ఇగ మొదటికెల్లి చదువు బిడ్డా.