అడుగుల లెక్క

మా బావ దేవదాస్‌కు మొయినాబాద్ రోడ్డు మీద స్టీలు సామాన్ల దుకాణం ఉంది. 2006 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, పక్క దుకాణంలో బట్టల వ్యాపారి కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి ఒరిగిపోయాడు. ఎత్తి జీపులో పడుకోబెట్టింది మా బావే. ఆ రోజు నుంచి ఆయన చెయ్యి ఛాతీ మీద నుంచి దిగలేదు. గిరాకీకి గిన్నె చూపిస్తూ కూడా నాడి పట్టుకుని చూసుకునేవాడు. దుకాణంలో ఒంటరిగా కూర్చోవాలంటే చెమటలు పట్టేవి.

చేవెళ్లలో డాక్టరు అన్ని పరీక్షలూ చేసి గుండె భేషుగ్గా ఉందన్నాడు. భయమే జబ్బన్నాడు. రోజూ ఒళ్లు కదిలే అలవాటు ఒకటి, మనసుకు నచ్చింది ఎంచుకొమ్మన్నాడు. నచ్చనిదైతే వారానికే మానేస్తావని కూడా చెప్పాడు. నచ్చేదేమిటో మా బావకు తెలియదు. పదిహేనో ఏట దుకాణంలో కూర్చున్న మనిషిని ఆ మాట ఎవరు అడిగారు గనక? మా అక్క అరుణాదేవి మాత్రం రోజూ పొద్దున్నే అడిగేది, ఏమన్నా తేల్చుకున్నావా అని. ఆ ప్రశ్నకే ఆయన గుండె ఇంకొంచెం వేగం అందుకునేది.

ముందు సైకిల్ కొన్నాడు. సేటు స్కూటర్ అమ్ముకున్నాడట, దుకాణం మునిగిందట అని మూడో రోజుకే బజారంతా పాకింది. సైకిల్ మూలకు చేరింది. తర్వాత హైస్కూల్ గ్రౌండులో బ్యాంకు ఉద్యోగులతో షటిల్. ఎగిరి కొట్టాల్సిన ప్రతిసారీ ఆగి నాడి చూసుకునేవాడు. వాళ్లు మర్యాదస్తులు, నాలుగు రోజులు ఓర్చుకుని ఆయన్ను స్కోరు చెప్పే పనికి మార్చారు. చివరికి నడక మిగిలింది. రోడ్డు మీద నడిస్తే తెలిసినవాళ్లంతా బండి ఆపి ఎక్కమనేవారు. ఊరికే నడుస్తున్నానంటే ఎవరూ నమ్మరు. మొహమాటానికి ఎక్కి, దుకాణం ముందు దిగేవాడు. ఆ బాధ పడలేక సురంగల్ వైపు పొలాల గట్లు పట్టాడు.

అక్కడే నా తెలివి ప్రదర్శించాను. మందుల షాపు నడుపుతాను గనక సగం డాక్టర్నే అనుకునే రోజులవి. చెయ్యి నాడి మీదికి పోకుండా అడుగులు పైకే లెక్కపెట్టు బావా అన్నాను. లెక్క ఆయనకు చేతనైన విద్య. చింతచెట్టు నుంచి బోరు దాకా మూడు వందల పన్నెండు, బోరు నుంచి హద్దురాయి దాకా నూట డెబ్భై. మధ్యలో తప్పితే వెనక్కి వెళ్లి మళ్లీ మొదలు. పది రోజుల్లో ముఖం తేటపడింది, రెండు పూటలా తింటున్నాడు. నేను తెగ మురిసిపోయాను.

ఆ రోజుల్లో మొయినాబాద్ చుట్టుపక్కల గట్ల మీద అడుగులు లెక్కపెట్టేది ఎవరో మా ఇద్దరికీ తట్టకపోవడం సిగ్గుచేటు. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఫామ్‌హౌస్‌ల కోసం శని, ఆదివారాలు కార్లలో దిగేవారు. వాళ్లకంటే ముందు బ్రోకర్లు వచ్చి, అడుగులతో భూమి కొలుచుకుని పోయేవారు. మా బావ నడిచే చెలక ఈశ్వరయ్యది. డెబ్భై ఏళ్ల మనిషి. భూమి అమ్ముదామని కొడుకు జైపాల్ ఏడాదిగా పోరుతున్నాడు. తనకు తెలియకుండా సేటుతో బేరం కుదిర్చాడని ముసలాయన అనుకున్నాడు. కొడుకును అడగడానికి భయం, అవునంటాడేమోనని. రోజూ చింతచెట్టు చాటున నిలబడి మా బావ పెదాలు కదలడమే చూసేవాడు.

ఒక రోజు ఈశ్వరయ్య భార్య శంకరమ్మ దుకాణానికి వచ్చింది. నేనక్కడే ఉన్నాను. గిన్నెల వైపు చూడనైనా లేదు.

"సేటూ, మా ముసలోడు నాలుగు దినాల సంది బువ్వ తింటలేడు. గుండె దడదడ కొట్టుకుంటున్నదంటడు, ఛాతీ మీదికెళ్లి చెయ్యి తీస్తలేడు. మా భూమి నువ్వు కొన్నవా, లేదా? ఒక్క మాట చెప్పు."

మా బావ చేతిలో గిన్నె కింద పెట్టేశాడు. తన రోగం మరొకరికి అంటించానన్న దిగులుతో చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వెంట నడిచాడు. నేనూ వెళ్లాను, తప్పులో సగం నాది.

మా బావ చెప్పిందంతా ఈశ్వరయ్య తన వాకిట్లో కూర్చుని విన్నాడు. నమ్మలేదు. పని లేకుండా ఎవడైనా నడుస్తాడా అన్నాడు. మా బావ ఆయన చెయ్యి పట్టుకుని తన ఛాతీకి ఆనించాడు.

"దీనికి భయపడి నడుస్తున్న అన్నా. నీ భూమి నాకొద్దు. నీ గట్టు మీద జర నడవనియ్యి, చాలు."

ముసలాయన చాలాసేపు చెయ్యి తీయలేదు. "నాది గూడ గిట్లనే కొట్టుకుంటున్నది," అన్నాడు. "రేపటి సంది నాతోని నడువు. లెక్క మాత్రం పెట్టకు."

అట్లా ఇద్దరూ జత కలిశారు. లెక్క లేని నడకలో మొదట్లో మా బావ చెయ్యి మళ్లీ నాడి మీదికే పోయేది. ఈశ్వరయ్య ఏ మడిలో ఏ ఏడు ఏం పండిందో చెబుతూ ఉంటే వినక తప్పేది కాదు, వింటూ ఉంటే నాడి గుర్తొచ్చేది కాదు. ఇన్నాళ్లకు తనకు నచ్చింది దొరికిందని మా అక్కతో చెప్పాడట.

దసరా ముందు ఒక తెల్లవారుజామున నేనూ వాళ్ల వెంట వెళ్లాను. చింతచెట్టు కింద తెల్లకారు ఆగి ఉంది. బూట్లు వేసుకున్న మనిషి ఒకడు పెదాలు కదుపుతూ బోరు వైపు నడుస్తున్నాడు. కారు పక్కన జైపాల్ నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు.

ఈశ్వరయ్య అడుగు ఆగిపోయింది. మా బావ చెయ్యి లేవడం చూసి, మళ్లీ మొదటికొచ్చిందని నేను హడలిపోయాను. కానీ ఆ చెయ్యి తన ఛాతీ మీదికి పోలేదు. ముసలాయన ఛాతీ మీద ఆగింది. బ్రోకరు బోరు దాటేదాకా అక్కడే ఉంది.